తాళాలు అప్పగించాక మొదలయ్యే పని

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా భవనాలకు మోడళ్లు చేస్తున్నవాళ్లే. బిమ్, అంటే బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్, త్రీడీ బొమ్మ ఒక్కటే కాదని, అందులో ప్రతి వస్తువు వెనకా సమాచారం ఉంటుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. నేను మాట్లాడాలనుకున్నది ఆ మోడల్‌ను ఆఖరికి ఎవరు వాడతారన్న దాని గురించి. డిజైనర్ పని రెండు మూడేళ్లలో అయిపోతుంది. కాంట్రాక్టర్ బిల్లు తీసుకుని వెళ్లిపోతాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు భవనంతో ఉండేది మెయింటెనెన్స్ సిబ్బంది. మోడల్ వాళ్ల కోసమే చేయాలని, వాళ్లను మొదటి మీటింగ్‌కే పిలవాలని నా గట్టి నమ్మకం.

డబ్బు లెక్కలోనూ ఇదే తేలింది. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో ఒక నివేదిక ఇచ్చింది. సాఫ్ట్‌వేర్లకు ఒకదానితో ఒకటి పొసగక, ఉన్న సమాచారాన్నే మళ్లీ ఎక్కించడం, వెతకడం, సరిచూడటం వల్ల ఒక్క 2002లోనే అక్కడి భవన, పారిశ్రామిక కట్టడాల రంగానికి 1,580 కోట్ల డాలర్లు వృథా అయ్యాయని అంచనా కట్టింది. అందులో దాదాపు మూడింట రెండు వంతుల భారం పడింది యజమానుల మీద, భవనాలు నడిపేవాళ్ల మీద.

నిర్మాణ దశలో బిమ్ లాభం మీరు రోజూ చూస్తున్నదే. ఏసీ గాలి వెళ్లే డక్ట్ బీమ్‌లోంచి పోతోందని స్లాబ్ వేయకముందే తెలుస్తుంది. దాని మీద ఎక్కువసేపు మాట్లాడను. కానీ వస్తువులు ఒకదానికొకటి ఎక్కడ తగులుతున్నాయో చెప్పే క్లాష్ రిపోర్ట్‌లో సున్నా వచ్చిందని ఫైల్ మూసేసే ముందు గదికి చల్లగాలి పంపే ఒక ఫ్యాన్ కాయిల్ యూనిట్ దగ్గర ఆగి చూడండి. ఫాల్స్ సీలింగ్ పైన అది దేనికీ తగలకుండా ఉంది. అయితే ఫిల్టర్ బయటికి లాగాలంటే కేబుల్ ట్రే అడ్డం. డ్రెయిన్ ట్రే కడగాలంటే చెయ్యి దూరదు. యాక్సెస్ ప్యానెల్ ఏమో రెండడుగుల అవతల ఉంది. రిపోర్ట్ క్లీన్‌గానే ఉంది, మనిషికి మాత్రం పని చేసే చోటు లేదు. ఇక ఆ ఫిల్టర్ మార్చాలన్నప్పుడల్లా సీలింగ్ విప్పాలి, లేదంటే ఎవరూ మార్చరు. అందుకే ఆ యూనిట్ చుట్టూ చెయ్యి, పానా, నిచ్చెన పట్టేంత ఖాళీని కూడా ఒక వస్తువులాగే మోడల్‌లో పెట్టి క్లాష్ నడపండి. కొంత అదనపు పనే, కానీ చేసి తీరాల్సిన పని.

పాత భవనాల మరమ్మతుకు వస్తే అక్కడ చిక్కులు వేరు. పారిస్ నోత్ర్ దామ్ చర్చిని కళాచరిత్రకారుడు ఆండ్రూ టాలన్ 2010లో లేజర్ స్కాన్ చేశారు. ఆయన చేసింది చదువు కోసం. 2019 ఏప్రిల్ 15న మంటల్లో పైకప్పు కూలిపోయాక, పునర్నిర్మాణానికి కావలసిన కొలతలకు ఆ స్కాన్ ఒక ముఖ్య ఆధారమైంది. 2024 డిసెంబరులో చర్చి మళ్లీ తెరుచుకుంది. స్కాన్ విలువ ఎంతో అక్కడ తెలిసింది. దాని హద్దు కూడా మనం గుర్తుపెట్టుకోవాలి. లేజర్‌కు కనిపించేది పైపై ఉపరితలమే. గోడలో పైపు ఎటు పోయిందో, స్లాబ్‌లో కడ్డీ ఎంత మందమో అది చెప్పదు. స్కాన్‌లో వచ్చే చుక్కల గుంపు, అంటే పాయింట్ క్లౌడ్, చూసి గీసిన మోడల్‌లో ప్రతి భాగానికీ ఇది కొలిచింది, ఇది పాత డ్రాయింగ్ నుంచి తెచ్చింది, ఇది ఊహ అని రాసి పెట్టాలి. ఊహించి గీసిన పైపు కూడా తెర మీద కొలిచిన పైపంత అందంగానే కనబడుతుంది. దాన్ని నమ్మి డ్రిల్లింగ్ చేసేవాడికి తేడా ఎలా తెలుస్తుంది?

సమాచారం లేకపోవడం ప్రాణాల మీదికి కూడా వస్తుంది. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే ఎత్తయిన నివాస భవనానికి 2016లో రీఫర్బిష్‌మెంట్ పూర్తయింది, బయటి గోడలకు కొత్త క్లాడింగ్, అంటే పైతొడుగు పలకలు, వేశారు. 2017 జూన్ 14న మంటలు ఆ క్లాడింగ్ పట్టుకుని పైకి పాకాయి. 72 మంది చనిపోయారు. ఆ తర్వాత నిబంధనలను సమీక్షించిన జుడిత్ హాకిట్ 2018 నివేదికలో, భవనంలో ఏం వాడారు, ఎందుకు వాడారు, ఎప్పుడు మార్చారు అన్న సమాచారం డిజైన్ నుంచి నిర్వహణ దాకా తెగకుండా డిజిటల్ రూపంలో ఉండాలన్నారు. 2022 బిల్డింగ్ సేఫ్టీ చట్టంతో ఇంగ్లండ్‌లో ఎత్తయిన నివాస భవనాలకు అది చట్టపరమైన బాధ్యత అయింది. మీలో బ్రిటన్ ప్రాజెక్టులు చేసేవాళ్లు క్లాడింగ్ ప్యానెల్‌కు మెటీరియల్ పేరు నింపేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోండి.

ఇక రోజువారీ నిర్వహణ. రాత్రి రెండు గంటలకు నాలుగో అంతస్తులో పైపు పగిలిందనుకోండి. డ్యూటీలో ఉన్న టెక్నీషియన్‌కు కావలసింది అందమైన వాక్‌త్రూ కాదు. ఏ వాల్వ్ కట్టేయాలి, అది ఏ గది సీలింగ్ పైన ఉంది, కడితే ఇంకెక్కడెక్కడ నీళ్లు ఆగిపోతాయి? ఈ మూడు జవాబులు ఫోన్‌లో దొరికితే చాలు. కోబీ అనే పద్ధతి పుట్టింది ఇలాంటి అవసరానికే. అంతస్తులు, గదులు, పరికరాల రకాలు, ఒక్కో పరికరం సీరియల్ నంబర్, వారంటీ, విడిభాగాలు అన్నీ మామూలు స్ప్రెడ్‌షీట్‌లో అందించవచ్చు. భారీ సాఫ్ట్‌వేర్ లేని యజమాని కూడా తెరుచుకోగలడు.

అలాగని అన్నీ నింపేయాలనుకోవద్దు. తలుపు బందుకు నలభై గడులు నింపి, పంపుకు సీరియల్ నంబర్ వదిలేసిన మోడల్ ఎవరికీ పనికిరాదు. ఏ పరికరానికి ఏ వివరాలు కావాలో మెయింటెనెన్స్ వాళ్లతో కూర్చుని జాబితా రాయించి, కాంట్రాక్ట్‌లోనే పెట్టించాలి. మోడల్‌ను తర్వాత ఎవరు అప్‌డేట్ చేస్తారో, ఆ ఖర్చు ఎవరిదో కూడా అందులోనే రాయాలి. లేకపోతే మొదటి పార్టిషన్ మార్చిన రోజే మోడల్ పాతబడుతుంది.

హ్యాండోవర్‌కు ముందు మీరు చేయదగ్గ పరీక్ష ఒకటుంది. భవనాన్ని నడపబోయే సూపర్‌వైజర్‌నే పిలిచి, మోడల్లోంచి ఆయనకు నచ్చిన పది పరికరాలు ఎంచుకోమనండి. వాటి చోట్లు, ట్యాగ్ నంబర్లు చూసుకుంటూ సైట్‌లో తిరగండి. తర్వాత సైట్‌లో పది చూపించమని, వాటిని మోడల్లో వెతకండి. రెండు వైపులా కలిసేదాకా సంతకం పెట్టొద్దని యజమానికి చెప్పండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.