ఆజ్ఞలో రెండో సగం

అయ్యగారికి, సంఘ పెద్దలకు, అమ్మలకు, అన్నదమ్ములకు ప్రభువు నామంలో వందనాలు.

మార్టిన్ లూథరు సంఘ సంస్కరణకి నాంది పలికిన రోజును తలచుకునే ఈ సంస్కరణ పండుగ అనగానే 1517, విట్టెన్‌బర్గ్ గుడి, 95 సిద్ధాంతాలు అని మొదలుపెట్టడం మనకి అలవాటు. ఆ చరిత్ర మీ అందరికీ తెలుసు. నేను సెమినరీ చదువు చదవలేదు, వరి వ్యవసాయం చేసుకునేవాణ్ణి. కాబట్టి మన ఇళ్ళల్లోనే ఉండి, మనం ఎప్పుడో గాని తెరవని ఒక పుస్తకం గురించి మాట్లాడతాను. లూథరు రాసిన చిన్న కేటకిజం, అంటే పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన వంటివాటికి అర్థం చెప్పే చిన్న విశ్వాస పాఠాల పుస్తకం.

1528లో ఆయన సాక్సనీ పల్లెల్లో సంఘాలను చూడడానికి వెళ్ళాడు. అక్కడి జనానికి పది ఆజ్ఞలు రావు, ప్రభువు ప్రార్థన కూడా రాదు. ఆ బాధతో మరుసటి ఏడు ఈ పుస్తకం రాశాడు. పండితుల కోసం కాదు, ఇంటి పెద్ద తన పిల్లలకీ పనివాళ్ళకీ చెప్పుకోవడం కోసం. మొదట గోడకి తగిలించుకునే పెద్ద కాగితాలుగా అచ్చయింది. మన భాషకి కూడా ఇది చాలా ముందే వచ్చింది. బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ మిషనరీ 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలె పట్టణంలో కొన్ని తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా చెప్పుకునే వాటిలో కేటకిజం ఒకటి. అప్పటికి మనకి ధవళేశ్వరం ఆనకట్టే లేదు. దాని పని 1847లో మొదలై 1852కి పూర్తయింది.

ఇంత పాత పుస్తకాన్ని మనం ఏం చేస్తున్నాం? సంఘంలో పూర్తి సభ్యులుగా చేర్చుకునే కన్ఫర్మేషన్‌కి బట్టీ పడతాం. అయ్యగారు అడిగితే గడగడా అప్పజెప్పేసి, బీరువాలో పెట్టేస్తాం. లూథరు అలా చెయ్యలేదు. డాక్టరు పట్టా ఉన్నవాణ్ణి, ప్రసంగీకుణ్ణి అయినా రోజూ పొద్దున్నే చిన్నపిల్లాడిలా దీన్ని చదువుకుంటానని పెద్ద కేటకిజం ముందుమాటలో రాసుకున్నాడు. చదవడమంటే ఒకసారి ముగించి పక్కన పెట్టడం కాదని ఆయన్ని చూసే నాకు అర్థమైంది.

నెమ్మదిగా చదివితే ఒక సంగతి కనిపిస్తుంది. చాలా ఆజ్ఞలకి ఆయన ఇచ్చిన అర్థంలో రెండు సగాలున్నాయి. మొదటి సగం ఏం చెయ్యకూడదో చెబుతుంది, రెండోది ఏం చెయ్యాలో చెబుతుంది. మన లూథరన్ వరుసలో ఏడో ఆజ్ఞ చూడండి. దొంగిలకూడదు. పొరుగువాడి డబ్బు, సొత్తు తీసుకోకూడదు, కల్తీ సరుకుతో, మోసపు బేరంతో రాబట్టుకోకూడదు. ఇక్కడితో ఆగితే మనలో చాలామంది గట్టెక్కినట్టే. కానీ ఆయన ఆగడు. పొరుగువాడి ఆస్తినీ, బతుకుతెరువునీ కాపాడి, అవి మెరుగుపడేలా సాయం చెయ్యమంటాడు.

ఇది డెల్టాలో చదువుకోవాల్సిన వాక్యం. దాళ్వాలో, అంటే రెండో పంటకి, కాలవ నీళ్ళు చాలక వంతులు పెడతారు. ఫిబ్రవరి, మార్చిలో చేలు పొట్టమీద, వెన్ను తీసే దశలో ఉంటాయి. ఎగువ రైతు వంతు అయిపోతుంది, అయినా రాత్రి బ్యాటరీ లైటు వేసుకుని వస్తాడు. గోనెసంచిలో మట్టి నింపి బోదెకి, అంటే పొలాలకి నీళ్ళు తెచ్చే పిల్లకాలవకి, అడ్డం వేస్తాడు. తెల్లారేసరికి ఆయన మడి గట్టు దాకా నిండి ఉంటుంది. కాలవ చివరన ఉన్న శివారులో నేల నెర్రెలిచ్చి ఉంటుంది. కాలవ నీళ్ళు వదిలే లస్కరుని తిట్టుకుంటూ కూర్చుంటాడు శివారు రైతు. ఎవరి ఇంట్లోనూ తాళం పగలలేదు. కానీ ఒక కుటుంబం ఏడాది తిండి పోయింది.

చేపల చెరువులూ, రొయ్యల చెరువులూ అంతే. పక్క రైతుని అడక్కుండా తవ్వేస్తారు. ఊట పక్క చేలోకి దిగుతుంది. ఉప్పునీళ్ళ చెరువైతే రెండు మూడేళ్ళలో ఆ చేను చౌడు తేరుతుంది. చివరికి అతను కూడా విసిగిపోయి లీజుకిచ్చేస్తాడు. ‘వాడే ఇష్టపడి ఇచ్చాడు’ అంటారు. ఏడో ఆజ్ఞ రెండో సగం ముందు ఆ మాట నిలబడదు.

మనం విశ్వాసం వల్లనే నీతిమంతులమైతే ఈ క్రియల గోల ఎందుకని కొందరు తమ్ముళ్ళు అడుగుతారు. మంచి ప్రశ్నే. 1520లో క్రైస్తవ స్వేచ్ఛ గురించి రాస్తూ లూథరు రెండు మాటలు పక్కపక్కనే పెట్టాడు. క్రైస్తవుడు ఎవరికీ లోబడనివాడు. క్రైస్తవుడు అందరికీ సేవకుడు. రక్షణ ఉచితంగా దొరికింది కాబట్టి పుణ్యం లెక్కలు వేసుకునే పని మనకి లేదు. ఆ లెక్కల టెన్షన్ లేని మనిషికే పక్కవాడి చేను ఎండుతోందని చూసే తీరిక దొరుకుతుంది. నా నమ్మకం ఇదే.

ఎనిమిదో ఆజ్ఞ గురించి ఒక్క మాట. పొరుగువాడి మీద చాడీలు చెప్పకపోవడంతో అది అయిపోలేదు. అతని పక్షాన మాట్లాడాలి, అతను చేసినదాన్ని మంచి భావంతోనే తీసుకోవాలి. వాట్సాప్ గ్రూపులో ఎవరి మీదో ఒక మాట రాగానే ముందుకి తోసేసేవాళ్ళం కాస్త ఆగి ఇది చదువుకోవాలి.

ప్రభువు ప్రార్థనలో ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ అన్నదానికి ఆయన ఇచ్చిన జాబితా నాకు ప్రాణం. అన్నం, బట్ట, ఇల్లు, పొలం, పశువులు అంటూ వెళ్ళి మంచి ప్రభుత్వం, మంచి వాతావరణం, ఆరోగ్యం, నమ్మకమైన ఇరుగుపొరుగు కూడా ఆహారంలోనే కలిపేశాడు. నవంబరులో కోసిన పనలు చేలో ఉండగా తుఫాను పట్టి, కంకి మీదే గింజ మొలకెత్తడం చూసినవాళ్ళకి మంచి వాతావరణం అన్నమెలా అవుతుందో వివరించక్కర్లేదు. అలాంటప్పుడు తన ట్రాక్టరు పంపేవాడు, టార్పాలిన్ ఇచ్చేవాడు, ఆ ప్రార్థనకి దేవుడిచ్చిన జవాబే. అతను మన సంఘంవాడే కావాలని పుస్తకంలో ఎక్కడా లేదు.

ఇంకొన్నాళ్ళలో తొలి పంట సార్వా కోతలు, ఆ వెనకే దాళ్వా వంతుల మాట వస్తుంది. ఈసారి మొదటి వంతు శివారుకి వెయ్యమని అడిగేవాళ్ళు మన సంఘం నుంచి లేవాలని నా కోరిక. ఎగువ పొలాలున్నవాళ్ళు ఈ పూట భోజనాలయ్యాక కాసేపు ఆగండి, పెద్దలు కూడా ఉంటామన్నారు, కూర్చుని మాట్లాడుకుందాం.