కేకుకు చెవి ఒగ్గండి

శ్రోతలకు నమస్కారం.

ఓవెన్‌లో ఉన్న ఫ్రూట్ కేకు చప్పుడు చేస్తుంది. దగ్గరగా చెవి ఒగ్గితే వినిపిస్తుంది. చిటచిటా, చిటచిటా, చాలా సన్నగా. ఆ చప్పుడు ఏం చెబుతోందో తెలిస్తే పండుగ కేకు గురించి ఉన్న భయం సగం పోతుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఆ చప్పుడు గురించే. అయితే కేకు ముందు ఓవెన్ దాకా చేరాలి కదా, అక్కడి నుంచే మొదలుపెడతాను.

క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా వచ్చే సెలవుల్లో చేసుకునే వంటల్లో ఎండుపండ్ల కేకుకు ఒక మంచి గుణం ఉంది. దీని పని రోజులకు పంచుకోవచ్చు, మనుషులకూ పంచుకోవచ్చు. పండ్లు తరిగి నానబెట్టడం ఒక రోజు. కలిపి కాల్చడం మర్నాడు. కోయడం ఇంకో రెండు రోజులకు. పండుగ నాడు అందరూ కబుర్లలో ఉంటే ఒక్కరే పొయ్యి దగ్గర చెమటలు కక్కే వంట కాదిది. పిల్లలు ఖర్జూరాల్లో గింజలు తీస్తారు. నిలబడలేని పెద్దవాళ్లు కూర్చునే నారింజ తొక్క తురుముతారు. చేతిలో సత్తువ ఉన్నవాళ్లు వెన్న గిలకొడతారు. ఇంగ్లండ్‌లో నవంబరు చివర్లో వచ్చే ఒక ఆదివారాన్ని ‘స్టిరప్ సండే’ అంటారు. ఆ రోజు చర్చిలో చెప్పుకునే ప్రార్థన ‘కదిలించు’ అనే మాటతో మొదలవుతుంది. ఇంటికి వచ్చాక క్రిస్మస్ పుడ్డింగు కోసం కలిపిన పిండిని ఇంటిల్లిపాదీ తలా ఒకసారి తిప్పుతారు. గరిటె చేతులు మారుతుంది. ఈ ఒక్క ఆచారం నాకు చాలా ఇష్టం. జర్మనీలో స్టోలెన్, ఇటలీలో పానెట్టోనె, కరీబియన్ దీవుల్లో నల్ల కేకు, ఇవన్నీ మన కేకుకు చుట్టాలే. వాటి జోలికి ఇవాళ వెళ్లను, టైము చాలదు.

ఇక కొలతలు. 20 సెంటీమీటర్ల వెడల్పు, కనీసం 7 సెంటీమీటర్ల లోతు ఉన్న గుండ్రటి టిన్నుకు చెబుతున్నాను. మైదా 225 గ్రాములు. వెన్న 200. పంచదార 200, బ్రౌన్ షుగర్ ఉంటే మరీ మంచిది. కోడిగుడ్లు 4. ఎండుపండ్లు అన్నీ కలిపి 600 గ్రాములు. బేకింగ్ పౌడరు ఒక టీస్పూను, దాల్చినచెక్క పొడి ఒక టీస్పూను, జాజికాయ పొడి పావు టీస్పూను, ఒక నారింజ తొక్క తురుము. వెన్నలో ఉప్పు లేకపోతే పావు టీస్పూను ఉప్పు.

పెన్సిలు వెతుక్కుంటున్నవాళ్ల కోసం ముఖ్యమైనవి మళ్లీ చెబుతాను. మైదా 225, వెన్న 200, పంచదార 200, గుడ్లు 4, పండ్లు 600.

ఈ లెక్క వెనక ఒక పాత లెక్క ఉంది. పెంకు తీస్తే ఒక గుడ్డు సుమారు 50 గ్రాములు. నాలుగైతే 200. అంటే వెన్న, పంచదార, గుడ్లు మూడూ సమానం. పాతకాలంలో మైదాతో సహా నాలుగూ తలా ఒక పౌండు చొప్పున వేసేవారు కాబట్టే పౌండ్ కేకు అనే పేరు వచ్చింది. మన కేకు అంత బరువైన పండ్లను మోయాలి కాబట్టి మైదా కాస్త ఎక్కువ. దయచేసి తూకం వేయండి. కప్పులతో కొలిస్తే, ఒకే కప్పులో మైదా వదులుగా పోస్తే 120 గ్రాములు పడుతుంది, నొక్కి పోస్తే 150 దాకా పడుతుంది. ఆ తేడా చాలు, కేకు గట్టిపడిపోవడానికి.

పండ్ల సంగతి. ఎండుద్రాక్ష, నల్లద్రాక్ష, ఖర్జూరం, చెర్రీలు, మీకు నచ్చినవి. పెద్దవాటిని ఎండుద్రాక్షంత ముక్కలుగా తరగండి. 150 మిల్లీలీటర్ల నారింజ రసం పొగలు వచ్చేదాకా వేడిచేసి పండ్ల మీద పోసి, మూతపెట్టి, చల్లారాక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. ఒక్క రాత్రి చాలు. ‘నెల ముందే నానబెట్టాలి’ అని మీరు విని ఉంటారు. ఆ మాట రమ్ములో నానబెట్టేవాళ్లది. మద్యంలో పండ్లు చెడవు. పండ్ల రసంలో నానబెట్టి, బయట వారం రోజులు పెడితే పులుస్తాయి, బూజు పడతాయి. రెండింటినీ కలగలపకండి.

మర్నాడు జల్లెడలో పోసి అరగంట వడగట్టండి. పిండకండి. దిగిన రసం దాచండి, రెండు చోట్ల అవసరం వస్తుంది. పాకం పట్టిన చెర్రీలైతే విడిగా వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాలి, లేకపోతే ఆ పాకం జారుడుకు అవి నేరుగా అడుక్కి పోతాయి. తడి తగ్గిన పండ్లలో, తూచిన మైదాలోంచే రెండు టేబుల్ స్పూన్లు తీసి చల్లి కలపండి. అదనంగా కాదు, తూచిన దాంట్లోంచే.

పండ్లన్నీ అడుగుకు చేరిపోయాయని చాలామంది బాధపడతారు. పొడి మైదా చల్లడం కొంత సాయమే. అసలు పట్టు మాత్రం పిండి చిక్కదనంలో ఉంది. చిక్కటి పిండి పండును పట్టి ఉంచుతుంది, పలచటి పిండి జారవిడుస్తుంది.

ఇప్పుడు వెన్న. వేలితో నొక్కితే గుంట పడాలి, కానీ వేలికి నూనె మెరుపు అంటకూడదు. 20 డిగ్రీల దగ్గర వెన్న అలా ఉంటుంది. కరిగిన వెన్న పనికిరాదు. పంచదార పలుకులు వెన్నలోంచి దూసుకెళ్తూ గాలిని లోపలికి లాక్కెళ్తాయి. కేకు పొంగేది ఆ గాలి బుడగల వల్లే. బేకింగ్ పౌడరు కొత్త బుడగలను పుట్టించదు, ఉన్నవాటిని పెద్దవి చేస్తుంది, అంతే. వెన్న కరిగిపోయి ఉంటే గాలి నిలవదు, ఇంకో చెంచా బేకింగ్ పౌడరు వేసినా లాభం ఉండదు. మిషనుతో ఐదు నిమిషాలు, చేత్తో అయితే పది పన్నెండు నిమిషాలు గిలకొట్టాలి. పసుపు రంగు పోయి పాలిపోయేదాకా. నలుగురు ఉన్న ఇంట్లో తలా మూడు నిమిషాలు, ఎవరి భుజమూ నొప్పెట్టదు.

గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే వేయకండి. గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. తర్వాత విడిగా గిన్నెలో గిలకొట్టి, ఐదారు విడతలుగా పోయండి. ప్రతి విడతా పూర్తిగా కలిశాకే తర్వాతది. తొందరపడితే మిశ్రమం విరిగిన పాలలా పలుకులు పలుకులుగా అవుతుంది. చల్లటి గుడ్డు తగిలితే వెన్న గట్టిపడుతుంది, గట్టిపడిన వెన్న గుడ్డులోని నీటిని కలుపుకోలేదు. అలా జరిగితే పారబోయకండి. ఒక చెంచా మైదా వేసి తిప్పండి. గిన్నె చల్లగా ఉంటే అడుగును అరనిమిషం వేడినీళ్లలో పెట్టి మళ్లీ గిలకొట్టండి. చాలాసార్లు కలిసిపోతుంది. కలవకపోయినా కేకు కాస్త బిర్రుగా వస్తుందే తప్ప పాడవదు.

మైదా, బేకింగ్ పౌడరు, మసాలా పొడులు, ఉప్పు కలిపి జల్లించి మూడు విడతలుగా వేయండి. ఇక్కడి నుంచి గిలకొట్టడం మానేయాలి. గరిటెతో కింది నుంచి పైకి మడిచినట్టు తిప్పాలి. తెల్లటి చారలు కనబడకుండా పోయాయంటే ఆపండి. అక్కడే ఆపండి. ఇంకా తిప్పితే మైదాలోని జిగురు సాగి కేకు రబ్బరులా అవుతుంది. చివర్లో పండ్లు, నారింజ తురుము. గరిటెతో ఎత్తి వంచితే పిండి వెంటనే జారకూడదు, గిన్నె అంచుకు ఒకసారి తడితే ముద్దగా పడాలి. తట్టినా పడకపోతే దాచిన రసం ఒకటి రెండు చెంచాలు కలపండి.

టిన్ను లోపల అడుగునా చుట్టూ రెండు పొరల బటర్ పేపరు, అంచుకు మూడు సెంటీమీటర్లు పైకి ఉండేలా. బయట మందపాటి ఖాకీ కాగితం మడిచి చుట్టి దారంతో కట్టండి. రెండు గంటలకు పైగా ఓవెన్‌లో ఉండే కేకు ఇది. ఈ కాగితాలు లేకపోతే నడుమ ఉడికేలోపు అంచులు మాడిపోతాయి. పిండి పోశాక నడుమ చెంచాతో చిన్న పల్లం చేయండి, కాలాక పైభాగం చదునుగా వస్తుంది.

వేడి 150 డిగ్రీలు. ఫ్యాను ఉన్న ఓవెన్ అయితే 130 నుంచి 140. మామూలు కేకుల అలవాటుతో 180 పెట్టేవాళ్లు ఉంటారు. పండ్లలో ఉన్న చక్కెరంతా పైన నల్లబడుతుంది, నడినెత్తిన పగులుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. మొదటి గంటా పావు తలుపు తీయకండి. పిండి ఇంకా గట్టిపడలేదు, చల్లగాలి తగిలితే కుంగిపోతుంది. తర్వాత పైన రంగు ఎక్కువవుతుంటే ఒక కాగితం వదులుగా కప్పండి. ఓవెన్ లేనివాళ్లు కొలతలు సగం చేసి, 15 సెంటీమీటర్ల టిన్నులో పోసి, మందపాటి అడుగున్న పెద్ద గిన్నెలో ఉప్పు పరిచి, దాని మీద స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడెక్కాక టిన్నును అందులో ఉంచి, మూతపెట్టి సన్నటి సెగ మీద కాల్చుకోవచ్చు. గంట నుంచి చూస్తూ ఉండాలి.

ఇప్పుడు చప్పుడు దగ్గరికి వచ్చాం.

ఫ్రూట్ కేకులో పుల్ల గుచ్చి చూడటం తరచుగా మోసం చేస్తుంది. పుల్ల ఒక ఖర్జూరం ముక్కలోంచి వెళ్తే కేకు ఉడికినా బంకగా వస్తుంది. ‘ఇంకా ఉడకలేదు’ అనుకుని మరో అరగంట పెడతారు, కేకు ఎండిపోతుంది. అందుకే చెవి. రెండు గంటలు అయ్యాక గ్లవుజులు వేసుకుని టిన్ను బయటికి తీసి చెక్కపీట మీద పెట్టండి. వంటింటి ఫ్యాను ఆపండి. టీవీ ఆపండి. ఆ ఒక్క నిమిషం ఈ రేడియో కూడా ఆపండి. ఆవిరి కొట్టకుండా పక్కనుంచి, జానెడు దూరంలో చెవి పెట్టండి.

చిటచిటచిట, ఎడతెగకుండా వినిపిస్తే లోపల నీళ్లు ఇంకా ఎక్కువగా ఉన్నాయి. గుడ్లలో, వెన్నలో, పండ్లలో ఉన్న నీరు ఆవిరై చిన్న చిన్న బుడగలుగా పగులుతోంది. ఆ చప్పుడు అదే. వెంటనే ఓవెన్‌లో పెట్టి పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ వినండి.

చిట్... కాసేపు ఏమీ లేదు... మళ్లీ ఒక చిట్. ఇలా ఆగి ఆగి వినిపిస్తే, అదే సమయం. దింపేయండి.

అసలేమీ వినిపించకపోతే, కాస్త దాటిపోయింది. కంగారు వద్దు. దాచిన రసం ఉంది కదా, మూడు నాలుగు చెంచాలు వేడిగా ఉన్నప్పుడే పైన పూయండి.

మొదటిసారి చేసేవాళ్లు చెవికి తోడు పుల్లనూ వాడండి. రెండు చోట్ల గుచ్చండి. అంటుకున్నదాన్ని వేళ్ల మధ్య రుద్దండి. పచ్చిపిండి అయితే తడిగా జారుతుంది. పండు అయితే బంకలా సాగుతుంది. ఇంట్లో వంట థర్మామీటరు ఉంటే నడుమ 97 డిగ్రీల దగ్గర చూపించాలి. మొత్తం మీద రెండు గంటల నుంచి రెండున్నర గంటల మధ్య ఎక్కడో అయిపోతుంది. ఒక్కో ఓవెన్‌ది ఒక్కో తీరు, అందుకే గడియారాన్ని కాకుండా చెవిని నమ్మమంటున్నాను.

దింపిన కేకును టిన్నులోనే పూర్తిగా చల్లారనివ్వండి, నాలుగైదు గంటలు. వేడి మీద తీస్తే పండ్ల బరువుకు విరిగిపోతుంది. ముందు బటర్ పేపరు, దాని మీద ఫాయిలు చుట్టండి. ఫాయిలును నేరుగా చుట్టకండి, పండ్లలోని పులుపు దాన్ని తినేస్తుంది. రెండు రోజులు ఎవరూ ముట్టుకోకూడదు. పిల్లలున్న ఇంట్లో ఇది కష్టమని ఒప్పుకుంటాను. కానీ ఆ రెండు రోజుల్లోనే పండ్లలోని చెమ్మ చుట్టూ ఉన్న కేకులోకి పాకుతుంది. పొడిపొడిగా రాలేది మెత్తగా ఒక ముద్దగా అవుతుంది. రసంతో చేసిన కేకు చల్లటి చోట నాలుగైదు రోజులు ఉంటుంది, ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి.

కోసేటప్పుడు రంపపు పళ్ల కత్తి తీసుకోండి. నొక్కకుండా ముందుకీ వెనక్కీ లాగండి. ఒక్కో ముక్కకూ కత్తిని తడిగుడ్డతో తుడవండి. అంచు నుంచి త్రికోణాలుగా కోయకండి. కేకును నడిమికి రెండు సగాలు చేసి, ఆ నడుమ నుంచే వేలు మందాన పొడవాటి ముక్కలు తీయండి. ఎంతమంది ఉంటే అన్ని ముక్కలు తీశాక, మిగిలిన రెండు సగాలనూ దగ్గరికి జరిపి, కోసిన ముఖాలు ఒకదానికొకటి ఆనేలా పెట్టి మళ్లీ కాగితం చుట్టండి. అప్పుడు గాలి తగిలే కోత ఎక్కడా ఉండదు, రేపు ఇంటికి వచ్చేవాళ్లకూ ఇదే మెత్తదనం దొరుకుతుంది.

సెలవు. నమస్కారం.