కొన్న యాప్ నచ్చకపోతే, నత్తనడక నడిస్తే

అందరికీ నమస్కారం.

డబ్బు పెట్టి కొన్న యాప్ టాబ్లెట్‌లో సరిగా నడవకపోతే చాలామంది విసుగుతో దాన్ని పక్కన పడేసి, డబ్బు పోయిందనుకుని ఊరుకుంటారు. అలా ఊరుకోవద్దని చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను. డబ్బు వెనక్కి రాబట్టుకోవడం, నెమ్మదించిన యాప్‌ను దారికి తేవడం వేర్వేరు పనుల్లా కనిపిస్తాయి గానీ, రెండూ ఒకే ప్రశ్న దగ్గర మొదలవుతాయి. తప్పు యాప్‌దా, టాబ్లెట్‌దా? అది తేలితే గానీ డబ్బు అడగాలో, సెట్టింగ్స్ సరిచేసుకోవాలో తెలియదు. తేల్చుకోవడానికి దొరికే గడువేమో చాలా తక్కువ.

ముందు ఆ గడువు సంగతి చూద్దాం. గూగుల్ ప్లేలో కొన్న యాప్‌కి మొదటి 2 గంటలు బంగారం లాంటివి. ఒకప్పుడు 24 గంటలుండేది. 2010 డిసెంబరులో దాన్ని 15 నిమిషాలకు కుదించారు, 2014లో 2 గంటలు చేశారు. ఈ 2 గంటల్లోపు అడిగితే పెద్దగా ప్రశ్నలుండవు. ఆ తర్వాత 48 గంటల దాకా కూడా గూగుల్‌నే అడగవచ్చు, కానీ ఇవ్వాలా వద్దా అన్నది వాళ్లు చూసి నిర్ణయిస్తారు. 48 గంటలు దాటితే యాప్ తయారుచేసిన వాళ్లనే అడగాలి. ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీలోనే వాళ్ల ఈమెయిల్ ఉంటుంది.

ఈ గడియారం తిరగడం మొదలయ్యేది డబ్బు కట్టిన క్షణం నుంచి, యాప్ తెరిచిన క్షణం నుంచి కాదు. పెద్ద గేమ్ కొని, నెమ్మది నెట్‌లో డౌన్‌లోడ్‌కి పెట్టి నిద్రపోతే, ఒక్కసారైనా ఆడకముందే 2 గంటలూ అయిపోతాయి. అందుకే మంచి వైఫై ఉన్న చోట, ఓ గంట తీరిక ఉన్నప్పుడే కొనండి. కొన్నాక అందులో అన్నిటికన్నా బరువైన పని ఏదో దాన్నే ముందు చేసి చూడండి. పీడీఎఫ్ యాప్ అయితే మీ దగ్గరున్న అతి పెద్ద ఫైలు తెరవండి. సంగీతం యాప్ అయితే ట్రాకులు వరసగా పేర్చండి. మెనూలు తిరగేసి బాగుందనుకుంటే మోసపోతాం.

ఇక్కడ ఒక గోతి ఉంది, జాగ్రత్త. యాప్ మొరాయించగానే "తీసేసి మళ్లీ వేసి చూద్దాం" అనిపిస్తుంది. గూగుల్ ప్లేలో కొన్న కొద్దిసేపటికే యాప్ తీసేస్తే డబ్బు దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది, యాప్ మీ చేతుల్లోంచి పోతుంది. మళ్లీ కావాలంటే మళ్లీ కొనాలి. ఒక యాప్‌కి రీఫండ్ దొరికేది ఒక్కసారే కాబట్టి, రెండోసారి కొన్నాక నచ్చకపోయినా భరించాల్సిందే. కాబట్టి మొదటి గంటల్లో పరీక్ష కోసం యాప్ తీయకండి. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి, ఆ యాప్ స్టోరేజ్‌లో క్లియర్ డేటా నొక్కండి. కొత్తగా వేసిన ఫలితమే వస్తుంది.

రీఫండ్ అడిగే దారి ఇది. బ్రౌజర్‌లో ప్లే.గూగుల్.కామ్ తెరిచి, పైనున్న మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కండి. పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లో, బడ్జెట్ అండ్ ఆర్డర్ హిస్టరీలో మీ కొనుగోళ్లన్నీ కనిపిస్తాయి. సంబంధిత ఆర్డర్ దగ్గర రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్ నొక్కి, కారణం ఎంచుకుని, ఫారం నింపండి. డబ్బు వెనక్కి కావాలని అందులో స్పష్టంగా రాయండి. చాలామంది ఫిర్యాదు రాసి ఆ ఒక్క ముక్క మర్చిపోతారు. జవాబు చాలాసార్లు త్వరగానే వస్తుంది, ఒక్కోసారి కొన్ని రోజులు పట్టవచ్చు. ఆర్డర్ కనిపించకపోతే కంగారు పడకండి. టాబ్లెట్‌లో రెండు మూడు గూగుల్ అకౌంట్లు ఉంటే, కొన్నది వేరే అకౌంట్‌తో అయి ఉంటుంది.

ఐప్యాడ్ అయితే రిపోర్ట్‌ఎప్రాబ్లమ్.ఆపిల్.కామ్‌లో మీ ఆపిల్ అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. అక్కడ రిక్వెస్ట్ ఎ రీఫండ్ ఎంచుకుని, కారణం చెప్పి, యాప్‌ను గుర్తించి పంపాలి. 24 నుంచి 48 గంటల్లో సంగతి తెలుస్తుంది. చెల్లింపు ఇంకా పెండింగ్‌లో ఉంటే అభ్యర్థన తీసుకోదు, అది పూర్తయ్యాక మళ్లీ రావాలి. అభ్యర్థన ఒప్పుకున్నాక కూడా, కార్డుతో కట్టిన డబ్బు ఖాతాలో కనిపించడానికి 30 రోజుల దాకా పట్టవచ్చు. ఫోన్ బిల్లుతో కడితే 60 రోజుల దాకా పట్టవచ్చు. స్టోర్ బ్యాలెన్స్‌తో కొన్నదైతే 48 గంటల్లోపు అందులోకే వచ్చేస్తుంది.

కారణం రాసేటప్పుడు "యాప్ బాగోలేదు, మోసం" అంటే బలం ఉండదు. ఇలా రాయండి: "డ్రాయింగ్ యాప్‌లో ఐదో లేయర్ తెరవగానే యాప్ మూతపడుతోంది. టాబ్లెట్ రీస్టార్ట్ చేశాను, యాప్ డేటా చెరిపి చూశాను, సిస్టమ్ అప్‌డేట్లన్నీ వేశాను. మూడుసార్లూ ఇదే జరిగింది. డబ్బు వాపసు కోరుతున్నాను." ఏం జరిగింది, ఏమేం చేసి చూశారు, ఏం కావాలి. ఇంతకు మించి ఒక్క వాక్యం అక్కర్లేదు.

నెలవారీ చందాల గురించి ఒక్క మాట. యాప్ తీసేసినా చందా ఆగదు, డబ్బు కట్ అవుతూనే ఉంటుంది. విడిగా రద్దు చేయాలి. ఐప్యాడ్‌లో సెట్టింగ్స్ పైనున్న మీ పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ ఉంటుంది. ఉచిత ట్రయల్ అయితే అది ముగియడానికి కనీసం 24 గంటల ముందే రద్దు చేయండి.

ఇక నెమ్మది సంగతి. మొదటి పరీక్ష: మిగతా యాప్‌లు ఎలా ఉన్నాయి? అన్నీ నెమ్మదిగా ఉంటే తప్పు ఆ ఒక్క యాప్‌దని అనలేం. అదొక్కటే నెమ్మదిస్తే ఎయిరోప్లేన్ మోడ్ పెట్టి, నెట్ అవసరం లేని పని ఏదైనా అందులో చేయండి. ఒక్కసారిగా చురుకైతే అది నెట్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటోందని అర్థం. ప్రకటనల కోసం, క్లౌడ్‌లో కాపీ దాచడం కోసం ఆగే యాప్‌లు ఇలాగే చేస్తాయి.

మెమరీ విషయం లెక్కతో చూస్తే బాగా అర్థమవుతుంది. డ్రాయింగ్ యాప్‌లో 4000 పిక్సెళ్ల వెడల్పు, 4000 పిక్సెళ్ల ఎత్తు ఉన్న కాన్వాస్ తీసుకున్నారనుకోండి. మొత్తం కోటీ 60 లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు చొప్పున ఒక్క లేయర్‌కే, అంటే బొమ్మలోని ఒక్క పొరకే, 64 ఎంబీ. 20 లేయర్లు వేస్తే 1.28 జీబీ. ర్యామ్, అంటే యాప్‌లు నడిచేటప్పుడు వాడుకునే మెమరీ, 3 జీబీ ఉన్న టాబ్లెట్‌లో సిస్టమ్ తన వాటా తీసుకున్నాక అంత చోటు కష్టమే. వేలు ముందు కదులుతుంది, గీత వెనక ఈడ్చుకుంటూ వస్తుంది, చివరికి యాప్ మూతపడుతుంది. కాన్వాస్ వెడల్పు, ఎత్తు రెండూ 2000 చేస్తే లేయర్‌కి 16 ఎంబీయే, అంటే నాలుగో వంతు. అలాగైతే గీత వేలి వెంటే వస్తుంటే యాప్‌లో లోపం లేదు, పని పెద్దది, టాబ్లెట్ చిన్నది. ఈ పరీక్ష 2 గంటల్లోపే చేస్తే, ఉంచుకోవాలో తిప్పి పంపాలో అక్కడికక్కడే తేలిపోతుంది.

రెండోది స్టోరేజ్. టాబ్లెట్ ఫైళ్లు దాచుకునే ఫ్లాష్ మెమరీలో పాత డేటా మీద నేరుగా కొత్తది రాయడం కుదరదు. ముందు ఒక బ్లాక్ మొత్తం చెరపాలి. ఖాళీ తగ్గేకొద్దీ ఈ సర్దుడు పని పెరిగి, ప్రతిదీ నెమ్మదిస్తుంది. 32 జీబీ టాబ్లెట్‌లో కనీసం 4 జీబీ ఖాళీగా ఉంచమని నా సలహా. ఆండ్రాయిడ్‌లో క్లియర్ క్యాష్ నొక్కితే తాత్కాలిక ఫైళ్లే పోతాయి, భయం లేదు. క్లియర్ డేటా మాత్రం లాగిన్లు, సేవ్ చేసిన ఆటలు, గీసిన బొమ్మలు అన్నీ చెరిపేస్తుంది. పాత యాప్‌లో అది నొక్కే ముందు కావలసినవి కాపీ తీసుకోండి. ఐప్యాడ్‌లో ఆఫ్‌లోడ్ యాప్ అని ఉంటుంది. అది యాప్‌ను తీసి ఫైళ్లను ఉంచుతుంది, డిలీట్ యాప్ రెండిటినీ తీసేస్తుంది.

మెమరీ కార్డు మీద యాప్‌లు పెట్టేవాళ్లు కార్డు మీద ఏ1 లేదా ఏ2 గుర్తు ఉందో చూడండి. క్లాస్ 10 అన్నది వీడియో లాంటి వరస రాతకు కొలత, సెకనుకు 10 ఎంబీ. యాప్‌కి కావలసింది చిన్న చిన్న ముక్కలు అక్కడా ఇక్కడా చదవడం. ఏ1 కార్డు సెకనుకు కనీసం 1500 సార్లు అలా చదవగలగాలి, ఏ2 కార్డు 4000 సార్లు. అయినా నెమ్మదిస్తున్న యాప్‌ను ముందు లోపలి స్టోరేజ్‌కి మార్చి చూడడమే మంచిది.

తెరిచి ఉన్న యాప్‌లన్నిటినీ వరసపెట్టి మూసేయడం చాలామందికి అలవాటు. దానివల్ల లాభం లేదు. మళ్లీ తెరిచినప్పుడు మొదటి నుంచి లోడ్ చేయాలి కాబట్టి బ్యాటరీ ఇంకా ఎక్కువ ఖర్చవుతుంది. గడ్డకట్టిపోయిన ఒక్క యాప్‌నే మూయండి.

కొత్తగా వేసిన యాప్, అప్‌డేట్ అయిన యాప్ మొదటి రోజు కాస్త బరువుగా ఉంటే అంతలోనే తీర్పు చెప్పకండి. ఆండ్రాయిడ్ 7 నుంచి సిస్టమ్ మీరు ఎక్కువగా వాడే భాగాలను గమనించి, ఛార్జింగ్‌లో ఖాళీగా ఉన్నప్పుడు వాటిని వేగంగా నడిచేలా మళ్లీ తయారుచేస్తుంది. ఒక రాత్రి ఛార్జింగ్‌కి పెట్టి వదిలేస్తే తేడా తెలుస్తుంది. కానీ 2 గంటల గడువు అంతసేపు ఆగదు. తటపటాయింపు ఉంటే 48 గంటల గడువు ముగియకముందే తేల్చుకోండి.

అకస్మాత్తుగా చాలా యాప్‌లు ఒకేసారి మూతపడుతుంటే ప్లే స్టోర్‌లో ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ, క్రోమ్ అప్‌డేట్లు చూడండి. చాలా యాప్‌లు తమ లోపలి పేజీలు చూపించడానికి వెబ్‌వ్యూనే వాడుకుంటాయి. 2021 మార్చిలో వెబ్‌వ్యూలో లోపం వచ్చి సంబంధం లేని యాప్‌లెన్నో కూలిపోయాయి, ఈ రెండూ అప్‌డేట్ చేశాకే కుదుటపడ్డాయి.

వేడి కూడా చూసుకోండి. ఐప్యాడ్‌కి సరిపడే పరిసర ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. ఛార్జింగ్ పెట్టి, దళసరి కవరుతో, గేమ్ ఆడితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గేమ్ మొదటి పది నిమిషాలు బాగా నడిచి తర్వాత తడబడితే కవరు తీసి, ఛార్జర్ పీకి, చల్లారాక మళ్లీ ఆడి చూడండి. అప్పుడూ అదే చోట తడబడుతుంటే, ఆ సంగతి అలాగే రాసి డబ్బు వాపసు అడగండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. టాబ్లెట్ తెచ్చుకున్నవాళ్లు ముందు వరసలోకి రండి, ఆర్డర్ హిస్టరీ తెరిచి చూద్దాం.