లామింగ్టన్ అడవిలో రాత్రిపూట కప్పల్ని చూడటం ఎలా?

అందరికీ నమస్కారం. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాను, వాల్యూమ్ కాస్త పెంచుకోండి. రాత్రి ఎనిమిదిన్నర అయింది. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌కి దక్షిణంగా, కారులో దాదాపు రెండు గంటల దూరంలో ఉన్న లామింగ్టన్ నేషనల్ పార్కులో, గ్రీన్ మౌంటెన్స్ ప్రాంతంలోని క్యాంప్‌గ్రౌండ్‌లో టెంట్ వేసుకున్నాం. సాయంత్రం దాకా జోరున వాన. క్యాంపింగ్‌కి వచ్చినవాళ్లు వాన పడితే మొహం ముడుచుకుంటారు, మనకైతే పండగే. డిసెంబర్ ఇక్కడ ఎండాకాలం. వెచ్చదనం, తడి కలిసొచ్చిన ఇలాంటి రాత్రుల్లోనే కప్పలు బయటికొచ్చి జత కోసం పిలుస్తాయి. అయినా ఇది కొండ కాబట్టి స్వెట్టర్ తెచ్చుకోండి. టెంట్ చోటు ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి.

ముందు టార్చి సంగతి. మొదటిసారి వచ్చినప్పుడు నేను టార్చిని నడుం దగ్గర పట్టుకుని రెండు గంటలు తిరిగాను. జలగలు తప్ప ఏమీ కనబడలేదు! దారిలో ఎదురైన ఒక పెద్దాయన నవ్వి, టార్చిని కణత పక్కన పెట్టుకోమన్నారు. ఇదిగో, ఇలా. జంతువు కంట్లో పడిన వెలుగు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఆ దారిలో మన కన్ను ఉంటేనే ఆ మెరుపు కనబడుతుంది. నేలమీద నీలం, ఆకుపచ్చ చుక్కల్లా తళుక్కుమనేవి చాలావరకు సాలీళ్లు. చూసి వదిలేయండి.

ఇప్పుడు నడక ఆపండి. టార్చి కూడా ఆర్పేయండి. కప్పని ముందు చెవితో పట్టుకోవాలి. "వార్క్" అని బొంగురుగా ఒకసారి అరిచి ఊరుకుంటుందే, అది గ్రేట్ బార్డ్ ఫ్రాగ్. కాళ్లమీద అడ్డచారలుంటాయి, ఎండుటాకుల్లో కూర్చుంటుంది. మీరు దగ్గరికెళ్తే నోరు మూసేస్తుంది. రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే మళ్లీ మొదలెడుతుంది. నీళ్లగుంట పక్కన కొమ్మలమీద పచ్చగా, ఎర్రటి కళ్లతో కనిపించేది రెడ్ ఐడ్ ట్రీ ఫ్రాగ్. ఫొటోలు దీనికే ఎక్కువ పడతాయి.

నాకు మాత్రం పౌచ్డ్ ఫ్రాగ్ అంటే ప్రాణం. రెండు మూడు సెంటీమీటర్లు మించదు. తల్లి తడినేలమీద గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికి రాగానే పాక్కుంటూ వెళ్లి తండ్రి నడుం పక్కనున్న సంచుల్లో దూరిపోతాయి. బుల్లి కప్పలయ్యాకే బయటికొస్తాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికే కష్టం ఈ తండ్రికి లేదు.

ఆ కష్టం మనకే. ఈ చెట్టు మొదలు చూడండి. ఏమైనా కనబడిందా? నాచు మచ్చల మధ్య, తల కిందికి పెట్టి... అదీ! లీఫ్ టెయిల్డ్ గెకో. ఆకులాంటి తోక, బెరడు రంగు ఒళ్లు. బల్లి కోసం వెతక్కండి, బెరడుమీద వరస తప్పిన అంచు కోసం వెతకండి.

చెయ్యి మాత్రం పెట్టొద్దు. దోమల మందు రాసుకున్న చేతులు కప్పకి విషం, దాని చర్మం అన్నీ పీల్చేసుకుంటుంది. పైగా కప్పల చర్మానికి పట్టి వాటిని చంపే కైట్రిడ్ ఫంగస్ ఒకటుంది. బ్రిస్బేన్‌కి ఉత్తరాన కొనన్‌డేల్, బ్లాకాల్ కొండల్లో గుడ్లను మింగి కడుపులో పిల్లల్ని పెంచే కప్ప ఒకటి ఉండేది. 1981 తర్వాత అడవిలో ఎవరికీ కనబడలేదు. అందుకు ఈ ఫంగసే కారణమని అనుమానం. అందుకే ఒక వాగు నుంచి ఇంకో వాగుకి వెళ్లేముందు బూట్ల బురద కడిగి, బాగా ఆరబెట్టండి. కొమ్మలు కూడా పట్టుకోకండి. ఇక్కడి స్టింగింగ్ ట్రీ ముందు మన దురదగొండి ఎంత!

పాముల గురించి టెన్షన్ పడక్కర్లేదు, అలాగని ధీమా కూడా వద్దు. కార్పెట్ పైథాన్‌కి విషం లేదు. రఫ్ స్కేల్డ్ స్నేక్‌కి బాగా ఉంది, పైగా చూడటానికి అపాయంలేని కీల్‌బ్యాక్‌లాగే ఉంటుంది. కాబట్టి పేరు కనిపెట్టే పని మానేసి వెనక్కి జరగండి. ఒకవేళ కరిస్తే కడగొద్దు, కోయొద్దు. కాటుమీద, తర్వాత ఆ కాలు లేదా చెయ్యి మొత్తం వెడల్పాటి సాగే బ్యాండేజీ గట్టిగా చుట్టి, కదలకుండా ఉంచి, ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 000కి ఫోన్ చేయండి. ఇది ఆస్ట్రేలియా పాములకు చెప్పిన పద్ధతి. మన ఊళ్లో రక్తపింజర కాటుకి ఇలా బిగించకూడదు. సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు కాబట్టి ఒక్కరే రావద్దు.

చివరగా, ఫోన్‌లో ఫ్రాగ్‌ఐడీ యాప్ వేసుకోండి. ఆస్ట్రేలియన్ మ్యూజియం 2017లో తెచ్చింది. మీరు రికార్డు చేసి పంపిన అరుపును నిపుణులు విని ఏ కప్పో చెబుతారు. రికార్డింగ్‌లో మాటలు పడకూడదు, అందుకని నేను నోరు మూసుకుంటున్నాను. టార్చి ఆర్పేస్తున్నా, స్క్రీన్ నల్లగా అయితే కంగారు పడకండి. ఎడమవైపు నుంచి వస్తుంది, వినండి.