17 అంగుళాల పంచాయితీ

మునిరాజు: నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో విమానం సీటు గురించి మాట్లాడుకుందాం. లావుగా ఉన్న మనిషి టికెట్ కొంటే ఒక సీటు కొనాలా, రెండా? పక్క సీటాయన ఇరుక్కుని కూర్చోవాల్సి వస్తే ఎవరిని అడగాలి? తిరుపతిలో చాలా ఏళ్లుగా టికెట్ బుకింగ్ ఆఫీసు నడుపుతున్న సుగుణక్క మనతో ఉంది. అక్కా, ముందే అడిగేస్తున్నా, ‘లావు’ అనొచ్చా? ఎవరైనా నొచ్చుకుంటారేమో.

సుగుణ: అనుకో నాయనా. నన్ను చూస్తున్నావు కదా, నేనేమైనా మల్లెతీగనా? (నవ్వులు) ఆ మాటకు ఎవరూ నొచ్చుకోరు. అది ఎక్కడ, ఎంతమంది ముందు అంటున్నారనే దానికి నొచ్చుకుంటారు.

మునిరాజు: ముందు లెక్క చెప్పండి. అసలు సీటు ఎంత వెడల్పుంటుంది?

సుగుణ: బోయింగ్ 737 ఎకానమీలో దాదాపు 17 అంగుళాలు. ఎయిర్‌బస్ 320లో 18 దాకా వస్తుంది. ఒక అంగుళమే కదా అనిపిస్తుంది. ముగ్గురు కూర్చునే వరసలో మధ్య సీటు పడితే అప్పుడు తెలుస్తుంది దాని విలువ. ఇంకోటి, ఇది నడుం లావు ఒక్కదాని గొడవే కాదు. కబడ్డీ ఆడే కుర్రాడున్నాడనుకో, పొట్ట ఉండదు, భుజాలు మాత్రం పక్క సీట్లోకి వచ్చేస్తాయి. ఆయన్ని ఎవరూ ఏమీ అనరు.

మునిరాజు: నిజమే. మరి ‘మీకు ఒక సీటు చాలదు’ అని ఎలా తేలుస్తారు?

సుగుణ: అమెరికాలో చాలా కంపెనీలు చూసేది రెండే. చేతులు పెట్టుకునే పిడి పూర్తిగా కిందికి దిగాలి, బెల్టు పెట్టుకోగలగాలి. బెల్టు చాలకపోతే ఎక్స్‌టెండర్ అని ఒక అతుకు ముక్క ఇస్తారు, దాంతోనైనా పడాలి. పడకపోతే ఇంకో సీటు కొనుక్కో, లేదా ఖాళీ ఉన్న వేరే ఫ్లైట్‌లో వెళ్లు అంటారు.

మునిరాజు: అమెరికా విమాన కంపెనీ సౌత్‌వెస్ట్ పేరు తరచూ వినిపిస్తుంది.

సుగుణ: వాళ్ల పద్ధతి చాలాకాలం మంచిగానే ఉండేది. రెండో సీటు ముందు కొనుక్కుంటే ప్రయాణం అయ్యాక ఆ డబ్బు వెనక్కి ఇచ్చేవాళ్లు. 2026 జనవరి 27 నుంచి ఎవరి సీటు వాళ్లకు ముందే కేటాయించే పద్ధతి పెట్టారు, దాంతోపాటు ఇదీ మారింది. ఇప్పుడు రెండో సీటు ముందే కొనాలి. విమానం బయల్దేరేటప్పుడు కనీసం ఒక సీటైనా ఖాళీగా ఉంటేనే డబ్బు వెనక్కి వస్తుంది. దానికీ ఇంకో షరతు, రెండు టికెట్లూ ఒకే రకం అయి ఉండాలి. నిండిపోతే పోయినట్టే.

మునిరాజు: లావుగా ఉన్నాడని ఒక హాలీవుడ్ డైరెక్టర్‌ను దింపేసింది కూడా వాళ్లే కదా?

సుగుణ: కెవిన్ స్మిత్, 2010 ఫిబ్రవరిలో. ఆయన మామూలుగా రెండు సీట్లు కొనేవాడు. ఆ రోజు ముందున్న ఫ్లైట్‌లో వెళ్దామని స్టాండ్‌బైలో, అంటే ఖాళీ ఉంటేనే ఇచ్చే సీటులో ఎక్కితే ఒక్క సీటే దొరికింది. కూర్చున్నాక వచ్చి దిగమన్నారు. పిడి దిగుతోంది, బెల్టు పడుతోంది కదా అని ఆయన వాదన. లక్షలమంది ఆయన మాట వినేవాళ్లు కాబట్టి ట్విట్టర్‌లో ఏకిపారేశాడు. మన చిత్తూరు మనిషినెవరినైనా దింపేస్తే ఏం చేస్తాడు? బ్యాగు తీసుకుని దిగిపోతాడు.

మునిరాజు: కెనడాలో మాత్రం వేరేలా ఉంది అన్నారు, ఇందాక ఆఫ్ ది రికార్డ్.

సుగుణ: అది రికార్డులోనే చెప్పాలి. 2008 జనవరిలో అక్కడి రవాణా ట్రిబ్యునల్ ‘ఒక మనిషికి ఒకే చార్జీ’ అని తీర్పిచ్చింది. స్థూలకాయం వైకల్యంగా పరిణమించినవాళ్లకు, దేశం లోపల ఫ్లైట్లలో, రెండో సీటుకు డబ్బు తీసుకోకూడదన్నారు. ఎయిర్ కెనడా, వెస్ట్‌జెట్ పైకోర్టుకు వెళ్లాయి. ఆ నవంబర్‌లో సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు. కానీ లావుగా ఉన్న ప్రతివాళ్లకూ కాదు, డాక్టరు కాగితం కావాలి.

మునిరాజు: దానికి పూర్తి వ్యతిరేకంగా పసిఫిక్ దీవుల్లో సమోవా ఎయిర్ అని...

సుగుణ: 2013లో కిలోల లెక్కన టికెట్. మనిషీ సామానూ కలిపి తూకం వేసి డబ్బులు తీసుకున్నారు. చిన్న విమానాలు కదా, బరువు లెక్క వాళ్లకు అవసరమే. ఇక్కడ రేణిగుంట ఎయిర్‌పోర్టుకు వచ్చే ఏటీఆర్ అనే చిన్న విమానంలో జనం తక్కువగా ఉన్నప్పుడు ‘మీరు కాస్త వెనక్కి వెళ్లి కూర్చోండి’ అంటారు. అది బ్యాలెన్స్ కోసం, సన్నగా ఉన్నవాళ్లనూ లేపుతారు. ఒకామె అది తనను చూసే అన్నారనుకుని మా ఆఫీసుకొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది పాపం.

మునిరాజు: మన దేశంలో ఎలా అక్కా?

సుగుణ: కావాలంటే కొనుక్కోవచ్చు, అంతే. ఇండిగో 2020లో డబుల్ సీట్ అని పెట్టింది. అది లావువాళ్ల కోసం కాదు, కరోనా దూరం కోసం. మా కస్టమర్లు దాన్ని వేరేలా వాడుకున్నారు. (నవ్వు) కొంటే మాత్రం రెండు సీట్లూ పక్కపక్కనే పడ్డాయా అని చూసుకోవాలి. తీరా చూస్తే ఒకటి ఐదో వరసలో, ఇంకోటి పదిలో ఉంటే ఏం లాభం!

మునిరాజు: మీ కస్టమర్ల సంగతి ఒకటి చెప్పండి, పేర్లొద్దు.

సుగుణ: చిత్తూరులో బెల్లం వ్యాపారం చేసే ఒకాయన, కూతురు హైదరాబాద్‌లో ఉంటుంది. మొదటిసారి ఫ్లైట్ ఎక్కాడు. బెల్టు నాలుగు వేళ్లు తక్కువైంది. అడగడానికి సిగ్గు. రెండు కొసలూ పొట్ట మీదికి లాక్కుని, పైన చొక్కా కప్పేసి, పేపర్ ఒళ్లో పరుచుకుని కూర్చున్నాడు. చెకింగ్‌కు వచ్చిన అమ్మాయి పేపర్ తీయమంది. చూసింది. చూసి అక్కడి నుంచే, ముందున్న ఇంకో అమ్మాయికి వినిపించేలా ‘ఎక్స్‌టెండర్ తీసుకురా’ అని కేకేసింది. నాలుగు వరసలు తలలు తిప్పాయి. ఆ అమ్మాయి ఆ ముక్కను చేత్తో ఊపుకుంటూ వచ్చింది. గంటసేపు ఆయన నీళ్లు కూడా తాగలేదట. బాత్‌రూమ్‌కు లేవాలంటే మళ్లీ అందరూ చూస్తారని. ఇప్పుడు వెంకటాద్రి రైలు తప్ప ఇంకోటి ఎక్కడు.

మునిరాజు: అడగలేకపోవడం కూడా ప్రమాదమే కదా. బెల్టు లేకుండానే ఎగిరుండేవాడు.

సుగుణ: అదే నా బాధ. అందుకే టికెట్ ఇచ్చేటప్పుడే చెబుతా, విమానం తలుపు దగ్గర నమస్కారం పెడతారే, అప్పుడే మెల్లగా ‘ఎక్స్‌టెండర్ కావాలమ్మా’ అనండి, సీటు దగ్గరికి తెచ్చిస్తారు. అది వాడేవాళ్లను ఎమర్జెన్సీ తలుపు పక్క వరసలో కూర్చోనివ్వరు, ఆ సీటుకు అనవసరంగా ఎక్కువ డబ్బు పెట్టొద్దు. మొదటి వరసకూ ఎగబడొద్దు. కాళ్లకు చోటుంటుంది కానీ, అక్కడ ముందు సీటు లేదు కాబట్టి తినే పళ్లెం బల్ల చేతిపిడిలోనే ముడిచి ఉంటుంది. ఆ పిడి పైకి లేవదు, సీటూ కొంచెం ఇరుకే.

మునిరాజు: ఇప్పుడు రెండో పక్క. పుత్తూరు నుంచి ఒక చెల్లెలు మెసేజ్ పెట్టింది. ‘నేనూ పూర్తి డబ్బు కట్టాను. సగం సీటులో ఒరిగి కూర్చుని వచ్చాను. మాట్లాడితే జాలి లేనిదాన్ని అంటారు’ అని.

సుగుణ: ఆమె మాటలో తప్పేముంది? కట్టిన సీటు ఆమెది. తలుపు మూయకముందే సిబ్బందిని పిలిచి ‘వేరే సీటు ఖాళీ ఉందా’ అనాలి. పక్కాయన గురించి ఒక్క మాటా అక్కర్లేదు. తలుపు పడ్డాక వాళ్ల చేతిలోనూ పెద్దగా ఏమీ ఉండదు. కానీ ఆమెను ఒకటి అడగాలి, ఆయన నిజంగా లావా, లేక మోకాళ్లు బార్లా చాపి కూర్చున్నాడా?

మునిరాజు: ఆహా!

సుగుణ: ఒళ్లు దగ్గరికి లాక్కోలేం, మోకాళ్లు లాక్కోవచ్చు. ఆడవాళ్లు నాకు చెప్పే ఫిర్యాదుల్లో సగం ఒంటి గురించి కావు, మోచేతుల గురించి. 2024లో ఇండిగో, ఆడవాళ్లు సీటు ఎంచుకునేటప్పుడు ఇంకో ఆడమనిషి ఎక్కడ కూర్చుందో కనిపించేలా పెట్టింది. ఊరికే పెట్టలేదు కదా.

మునిరాజు: నేనొకటంటా, కోప్పడకండి. రెండు సీట్ల చోటు పడితే రెండింటికి కట్టాలి. పది కిలోల సామాను ఎక్కువైతే కడుతున్నాం కదా?

సుగుణ: సామాను మాటకే వద్దాం. టికెట్ మీద 15 కిలోలు చెక్-ఇన్, 7 కిలోలు చేతిలో అని స్పష్టంగా ఉంటుంది. ఇంట్లోనే తూకం వేసుకుని బయల్దేరతావు. సీటు ఎన్ని అంగుళాలో ఆ టికెట్ మీద నాకు చూపించు.

మునిరాజు: ...లేదు.

సుగుణ: నేనమ్మిన ఏ టికెట్ మీదా నేను చూడలేదు. మనిషికి డబ్బు కట్టే ముందు తెలిస్తే రెండో సీటు కొంటాడో, రైలెక్కుతాడో ఆయనే తేల్చుకుంటాడు. చెప్పకుండా అమ్మి, గేటు దగ్గరో సీటు దగ్గరో తేల్చడమేంటి? అక్కడ పక్కపక్కనున్న ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటారు, సీటు కుదించినవాడు మాత్రం హాయిగా ఉంటాడు.

మునిరాజు: రైల్లో ఆర్‌ఏసీ గుర్తొస్తోంది. సైడ్ లోయర్ మీద ఇద్దరు తెలియనివాళ్లు తెల్లవార్లూ. అయినా అంత గొడవ పడం.

సుగుణ: టికెట్ మీద ముందే ఆర్‌ఏసీ అని రాసుంది కాబట్టి! సగం బెర్తే అని తెలిసే ఎక్కుతావు. పైగా టీటీఈ వచ్చి బెర్తు ఖాళీ అయిందంటాడని ఆశ ఉంటుంది.

మునిరాజు: ప్రభుత్వాలు కనీస వెడల్పు ఇంత ఉండాలని పెట్టొచ్చు కదా?

సుగుణ: అమెరికా 2018లో చట్టంలోనే రాసింది, సీటు కనీస కొలతలు తేల్చమని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏకు చెప్పింది. 2022లో వాళ్లు జనాన్ని అడిగితే 26 వేలకు పైగా అభిప్రాయాలు వచ్చాయి. కానీ వాళ్లడిగింది సుఖం గురించి కాదు, ప్రమాదమైతే బయటపడగలరా అని. విమానం నిండా జనమున్నా, సగం తలుపులే తెరుచుకున్నా 90 సెకన్లలో ఖాళీ చేయగలగాలని రూలు. ఆ లెక్కలో సీటు ఇరుకు ఎంతవరకు ఫర్వాలేదన్నదే వాళ్ల ప్రశ్న. నీ మోకాలి నొప్పి అందులో లేదు.

మునిరాజు: ఆఖరిగా, రేణిగుంట నుంచి వెళ్లేవాళ్లకు మీ సలహా?

సుగుణ: బుక్ చేసేటప్పుడు ఏ విమానమో చూసుకోండి. ఏటీఆర్ అయితే రెండూ రెండూ సీట్లు, మధ్య సీటనేదే ఉండదు. ఎయిర్‌బస్ అయితే మూడూ మూడూ. లావుగా ఉన్నవాళ్లు భార్యతోనో కొడుకుతోనో వెళ్తుంటే పక్కపక్కనే తీసుకోండి, మధ్య పిడి లేపేసుకుంటే సరి. ఒక్కరే అయితే నడిచే దారి పక్క సీటు తీసుకోండి. ఆ వైపు పిడికీ చాలా సీట్లలో కింద, మడత దగ్గర చిన్న మీట ఉంటుంది. నొక్కితే లేస్తుంది, ఎక్కడానికీ దిగడానికీ తేలిక. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు మాత్రం దించమంటారు.

మునిరాజు: ఆ మీట సంగతి నాకు ఇప్పటిదాకా తెలీదు!

సుగుణ: చెబితే కదా తెలిసేది. రేపు ఎల్లుండి ఎటో వెళ్తున్నావు కదా, వేలు పెట్టి చూడు.

మునిరాజు: చూసి చెబుతా. మీ సీటు సంగతులుంటే మాకు వాయిస్ మెసేజ్ పెట్టండి, పక్కవాళ్ల పేర్లు మాత్రం చెప్పొద్దు. వచ్చే ఎపిసోడ్‌లో విమానంలో లడ్డూ ప్రసాదం ఎలా తీసుకెళ్లాలో సుగుణక్కనే అడుగుదాం.