రిపోర్ట్ నాది, అందులో ఉన్నది ఇంటిల్లిపాదీ

(తెరపై: ఉమ్మి నమూనా ఉన్న చిన్న గొట్టం)

ఈ గొట్టంలో కాస్త ఉమ్మి పంపిస్తే చాలు, ల్యాబ్‌లో డీఎన్‌ఏ చదివి రిపోర్ట్ ఇచ్చేస్తారు. ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టేది మీరొక్కరే. కానీ మీ డీఎన్‌ఏలో సగం అమ్మది, సగం నాన్నది. తోబుట్టువులతో పంచుకున్నదీ దాదాపు సగం ఉంటుంది. వాళ్లనెవరూ అడగలేదు.

(తెరపై: తాత, తండ్రి, కొడుకు ఉన్న వంశవృక్షం)

హంటింగ్టన్ వ్యాధినే తీసుకోండి. మెదడు కణాలను మెల్లమెల్లగా చంపేసే జబ్బు. ఎక్కువగా 30 నుంచి 50 ఏళ్ల మధ్య బయటపడుతుంది. నయం చేసే మందు లేదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ 50 శాతం అవకాశం. దీనికి కారణమైన జన్యువును 1993లో గుర్తించారు. దాంతో, ఏ లక్షణమూ లేనప్పుడే పరీక్ష చేసి చెప్పగలుగుతున్నారు.

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తాతకు ఈ జబ్బు ఉంది. తండ్రి, 'ముందే తెలిసి నేను చేసేదేముంది?' అని పరీక్షకు వెళ్లలేదు. కొడుకేమో పిల్లల్ని కనేముందు తెలుసుకుని తీరాలనుకున్నాడు. అతనికి ఉందని తేలితే, తండ్రికీ ఉన్నట్టే. ఆయన వినకూడదనుకున్న మాటను కొడుకు రిపోర్ట్ చెప్పేసింది.

తప్పు ఎవరిది? ఎవరిదీ కాదనే నేననుకుంటాను. తెలుసుకునే హక్కు ఎంత నిజమో, తెలుసుకోకుండా ఉండే హక్కూ అంతే నిజం. అందుకే ఇలాంటి పరీక్షకు ముందూ, తర్వాతా కౌన్సెలింగ్ తప్పనిసరి. ఇంత పెద్ద విషయాన్ని ఒక ఈమెయిల్‌లో పెట్టి పంపేయడం మాత్రం దారుణం.

ఒకరి డీఎన్‌ఏతో బంధువుల సంగతి బయటపడే ఈ దారి పోలీసులకూ తెలుసు. కాలిఫోర్నియాలో 'గోల్డెన్ స్టేట్ కిల్లర్' అనే వరుస హత్యల హంతకుడు 2018లో దొరికింది, దూరపు బంధువులు ఆన్‌లైన్‌లో పెట్టుకున్న డీఎన్‌ఏ వల్లే. హంతకుడు దొరకడం మంచిదే. అయితే ఏ నేరమూ చేయని మనిషిని వెతకడానికీ ఇదే దారి పనికొస్తుంది.

(తెరపై: మైక్రోస్కోప్ కింద పిండం)

ఇక పుట్టనివాళ్ల సంగతి. సికిల్ సెల్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు. 2023లో ఆమోదం పొందిన దాని జన్యు చికిత్సలో రోగి ఒప్పుకున్నాకే అతని రక్త మూలకణాలను మారుస్తారు. ఆ మార్పు అతనితోనే ఆగిపోతుంది. 2018లో చైనా శాస్త్రవేత్త హే జియాన్‌కుయ్ మార్చింది పిండాలను. హెచ్‌ఐవీ సోకకూడదని సీసీఆర్5 అనే జన్యువును కత్తిరించాడు. కవల ఆడపిల్లలు పుట్టారు. కోర్టు అతనికి మూడేళ్ల జైలు శిక్ష వేసింది. ఆ మార్పు మాత్రం రేపు వాళ్ల పిల్లలకూ వెళ్లొచ్చు.

నన్ను వదలని ప్రశ్న ఒకటే. ఆ ఆడపిల్లలకు ఈ సంగతి ఎవరు చెప్పాలి, ఏ వయసులో చెప్పాలి? 'మాకు తెలియక్కర్లేదు' అని వాళ్లంటే?