పొట్టు ఎటు పోయింది?

శ్రోతలకు నమస్కారం.

"చక్కెర మానేసినా సార్, ఇప్పుడు బెల్లం కాఫీనే తాగుతాండా" అని మా కడప వైపు చక్కెర జబ్బు ఉన్న పెద్దవాళ్లు ఎంతో నమ్మకంగా చెబుతుంటారు. వినగానే నాకు బాధ వేస్తుంది. ఇష్టమైనదాన్ని వదులుకున్నారు, నోరు కట్టుకున్నారు, కానీ ఒంటికి ఒరిగింది చాలా తక్కువ. బెల్లంలో నూటికి 80 పాళ్లకు పైగా ఉండేది చక్కెరే. కాస్త ఇనుము, ఇంకొన్ని ఖనిజాలు ఉన్నాయి, నిజమే. అవి రోజుకు చాలినంత అందాలంటే మాత్రం తినాల్సిన బెల్లం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. తేనె సంగతీ అంతే.

మరి ఏది మంచిదో, ఏది కాదో తేల్చుకోవడం ఎలా? పేరు చూడొద్దు, రంగు చూడొద్దు. తినబోయే దాని పొట్టు, పీచు ఏమయ్యాయని అడగండి.

అన్నమైనా, రొట్టయినా, సంగటయినా అందులోని పిండి పదార్థమంతా గ్లూకోజ్ గొలుసే. కడుపులో ఆ గొలుసు తెగి, గ్లూకోజ్ రక్తంలో కలుస్తుంది. గ్రాముకు దాదాపు 4 కేలరీలు ఎక్కడైనా ఒకటే. తేడా అంతా వేగంలో ఉంది. పీచు ఉంటే అరుగుదల నిదానం. పీచు తీసేసి, మెత్తగా పిండి పట్టించి తింటే గ్లూకోజ్ ఒక్కసారిగా వచ్చిపడుతుంది. దాన్ని అదుపు చేయడానికి క్లోమం ఇన్సులిన్‌ను అంతే జోరుగా వదలాలి. కాసేపటికే మళ్లీ ఆకలి. రోజూ అవసరానికి మించి ఇలాగే సాగితే, మిగిలినదాన్ని కాలేయం కొవ్వుగా మారుస్తుంది. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం ఈ వేగానికి ఒక కొలత ఇచ్చింది. అదే గ్లైసీమిక్ ఇండెక్స్. గ్లూకోజ్‌ను 100 అనుకుంటే తెల్లన్నం రకాన్ని బట్టి 70 చుట్టుపక్కల ఉంటుంది. ఉడికించిన శనగలు 30 దగ్గర ఆగిపోతాయి.

ఇక మన కంచం సంగతికి వద్దాం. మన సీమలో వరన్నం పండగ తిండిగా ఉన్న కాలం పెద్దవాళ్లకు గుర్తే. మిగతా రోజుల్లో సంగటి, జొన్న రొట్టె, కొర్రన్నం. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక పేదింట్లోనూ పొయ్యి మీద అన్నం ఉడికింది. కరువు నేలలో అది చిన్న మేలు కాదు, నేను దాన్ని తప్పు పట్టను. కానీ మెల్లమెల్లగా కంచమంతా అన్నమే అయింది, పక్కన పప్పూ కూరా చారెడుకు తగ్గాయి. 100 గ్రాముల రాగుల్లో పీచు సుమారు 11 గ్రాములు. పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాముల లోపే. మైదాలోనూ అంతే.

అయితే సంగటి తింటున్నామని నిశ్చింతగా ఉండొద్దు. సంగటిలో బియ్యం పడుతుంది. కొన్ని ఇళ్లలో, చాలా హోటళ్లలో బియ్యం ముప్పాతిక, రాగిపిండి పేరుకు మాత్రమే. ముద్ద నల్లగా కనిపిస్తే చాలనుకుంటారు. మీ ఇంట్లో రాగిపిండి వంతు పెంచండి, జల్లెడ పట్టి తవుడు పారబోయకండి. అదే పిండిని పలచగా జావ కాచి, బెల్లం కలిపి తాగితే సంగటి కన్నా త్వరగా అరిగి రక్తంలో చేరుతుంది. ముద్దగానే తినండి, పక్కన ఉలవల చారో, గోంగూర పప్పో, శెనిక్కాయల ఊరిబిండో బాగా వేసుకోండి. పప్పులోని మాంసకృత్తులు, శెనిక్కాయల్లోని నూనె కూడా అరుగుదలను నిదానం చేస్తాయి.

కొర్రల విషయంలో నాకు కొంచెం కోపమే ఉంది. నంద్యాల పరిశోధన కేంద్రం సూర్యనంది లాంటి మంచి రకాలు ఇచ్చింది, అనంతపురం మెట్ట పొలాల్లో రైతులు వానను నమ్ముకుని పండిస్తున్నారు. ఆ గింజను మిల్లులో తెల్లగా మెరిసేదాకా పాలిష్ పట్టి, అందమైన ప్యాకెట్‌లో పెట్టి, బియ్యం కన్నా ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. పై పొర పోయాక ఆ ధరకు అర్థమేముంది? కొనేటప్పుడు కాస్త మసకగా, తవుడు రంగు అంటినట్టు ఉన్నవే అడగండి.

రాగి బిస్కెట్లు, మల్టీగ్రెయిన్ బ్రెడ్డు కొనేముందు ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. ఏది ఎక్కువ పడితే దాని పేరే ముందు రాస్తారు. మొదట మైదా, తర్వాత చక్కెర ఉంటే రాగి పేరు ముచ్చటకే. గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్ట్రోజ్ అని ఉన్నా అవి చక్కెరలే.

ఉగ్గాని మానమని ఎవరికీ చెప్పను, చెప్పినా కర్నూల్లో ఎవరూ వినరు! బొరుగులు చాలా త్వరగా అరిగిపోతాయి కాబట్టి వాటిని కాస్త తగ్గించి, ఉల్లిపాయ, టమాటా, పుట్నాల పొడి, వేయించిన శెనిక్కాయలు పెంచండి.

చీనీ కాయ తొనలు తినండి, రసం పిండొద్దు. గ్లాసు రసానికి మూడు నాలుగు కాయలు పోతాయి, పీచంతా పిప్పిలో మిగిలిపోతుంది. పైన చక్కెర వేస్తారు. తొనలుగా మూడు కాయలు ఒకే విడత తినేవాళ్లు ఎంతమంది? చక్కెర రోజుకు ఎంత మించకూడదో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది, ఆ లెక్కలో విడిగా కలిపిన చక్కెరతో పాటు తేనె, పండ్ల రసంలోని చక్కెర కూడా వస్తాయి. పండులో ఉన్నది ఉన్నట్టుగా తింటే ఆ లెక్కలోకి రాదు. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి ఆ చక్కెర 50 గ్రాములు దాటకూడదు, 25 లోపు ఉంటే ఇంకా మేలు. మామూలు కూల్‌డ్రింక్ పావు లీటరు తాగితే ఆ 25 అక్కడే అయిపోతుంది. పిల్లలకు దాన్ని కొనిపెట్టకండి, దయచేసి.

చివరగా ఒక జాగ్రత్త. చక్కెర జబ్బుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు తిండిని ఉన్నట్టుండి మార్చకండి, అన్నం బాగా తగ్గించాలనుకుంటే ముందు మీ డాక్టరుకు చెప్పండి, మందు మోతాదు మార్చాల్సి రావచ్చు. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే రక్తంలో చక్కెర పడిపోయి ఉండవచ్చు. ఆ సమయంలో సంగటి పెట్టకండి. మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగించండి, 15 నిమిషాలకు కుదుటపడకపోతే మరోసారి ఇవ్వండి. తేరుకున్నాక అన్నమో, రొట్టో పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

నమస్కారం.